తొమ్మిదీ - మూడూ

ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నవాణ్ణి పట్టుకుని స్టీరింగు పట్టడం రాదంటే ఒళ్లు మండదూ? నాకూ మండింది. అన్నది మా మేనకోడలు.

ఓ ఆదివారం తెల్లవారేసరికి జూబ్లీ హిల్స్‌లో వాళ్లింటికి వెళితే, కొత్తగా కొన్న స్పోర్ట్స్ కారు తాళం నా చేతిలో పెట్టింది. ఫిల్మ్‌నగర్ వైపు దిగుతుంటే మలుపు వచ్చింది. నా పాత కారుకు తిప్పినట్టే బలంగా తిప్పాను. కారు చటుక్కున పక్క గట్టుకేసి దూకింది. అక్కడ పాలప్యాకెట్ల సైకిలుతో ఓ కుర్రాడు! పిల్ల చెయ్యివేసి సరిచేయబట్టి సరిపోయింది.

కారు ఆపాక నా చేతులు వణుకుతున్నాయి.

"మావయ్యా, మీ కారు స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసకు మూడు చుట్లకు పైగా తిరుగుతుంది. దీనికి రెండున్నర చాలు. అందుకే కొంచెం తిప్పినా చక్రాలు ఎక్కువ మళ్లుతాయి. చేతులు గడియారంలో పదీ, రెండూ దగ్గర కాదు, తొమ్మిదీ, మూడూ దగ్గర ఉంచండి. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే పైనున్న చేతులు మొహానికి కొట్టుకుంటాయి. చూపు మలుపు చివర నిలపండి. చేతులు వాటంతటవే వస్తాయి."

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. అందులో డ్రైవర్ల చేతులు స్టీరింగుకు చెరోపక్కా అంటుకుపోయినట్టే ఉన్నాయి. చూశానే గాని గ్రహించలేదు.

నెలరోజులుగా మా అబ్బాయికి కసిరి మరీ "పదీ, రెండూ" అని నేర్పుతున్నాను. ఇంటికి రాగానే, "ఒరే, నేను చెప్పింది తప్పురా" అన్నాను.

తెలుగు మాస్టారి నోట ఆ మాట వాడెన్నడూ విని ఎరగడు. తెల్లబోయి, "ఏ సంధి, నాన్నా?" అన్నాడు.