మా యూరి యువజన సంఘము

2024వ సంవత్సరము మే 13వ తేదీన మేము పొందిన యవమానమును మొదట చెప్పుకొనక తప్పదు. ఆనాడు ఆంధ్రప్రదేశమందు శాసనసభకును లోక్‌సభకును ఒకేమారు ఎన్నికలు జరిగినవి. తెల్లవారుజామున వంట ముగించుకొని, ఎండ ముదరకముందే వోటు వేసి రావలెనని మా వీధి స్త్రీలతో గూడి బడికి నడచితిమి. గంటకు పైగా వరుసలో నిలిచితిమి. తీరా లోనికి పోవుసరికి జాబితాలో మావారి పేరున్నది గాని మా పేరు లేదు. అది మూడేండ్ల క్రిందట మేము విడిచివచ్చిన యూరి జాబితాలోనే నిలిచిపోయినదట. మావారు ఉపాధ్యాయులు, బదిలీ యైన యేడే తమ పేరు మార్పించుకొనిరి. మా పేరు సంగతి వారికిని తోచలేదు, మాకును తోచలేదు. తప్పిద్దరిదియు. అయినను, తలవంచుకొని యింటికి నడచినది మాత్రము మేమొక్కరమే.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తాతగారి యొద్ద భారత భాగవతములు చదువుకొంటిమి. ఆ రాత్రి నిద్ర పట్టక ద్రౌపదిని తలచుకొంటిమి. ఆమెకు తండ్రినిబట్టి ద్రౌపది యనియు యాజ్ఞసేని యనియు, దేశమునుబట్టి పాంచాలి యనియు పేరులు. ఆమెకే చెందిన పేరు కృష్ణ. ఆ పేరున పిలుచుకొనువారు తక్కువ. గాంధారికి అంతపాటి భాగ్యమును లేదు. స్వతంత్ర భారతమున 1951-52లో జరిగిన మొదటి యెన్నికల జాబితాలలో ఉత్తరదేశపు స్త్రీలనేకులు తమ పేరు చెప్పక, ఫలానివారి భార్యననియో, ఫలానివారి తల్లిననియో వ్రాయించిరట. స్వంత పేరు లేనివారిని తొలగింపవలసివచ్చెను. అట్లు పోయిన పేరులు సుమారు 28 లక్షలు. పాత మద్రాసు రాజధానిలో ఆస్తిగల స్త్రీలకు 1921లోనే వోటు వచ్చినదని మేమందరికిని గొప్పగా చెప్పుచుందుము. ఆ గొప్ప ఆ రాత్రి మాకేమియు నుపకరింపలేదు.

దీనికిని యువజన సంఘమునకును సంబంధమేమందురా? వినుడు.

మాది తెనాలి ప్రాంతమున కృష్ణ కాలువ గట్టుననున్న గ్రామము. ఊర యువజన సంఘమొకటి యుండెడిది. వినాయకచవితి చందాల లెక్కలయొద్ద తగవు వచ్చి, మేమీ యూరికి రాకముందే మూతపడినది. మేమెరిగినంతలో దాని గుర్తులు తుప్పుపట్టిన తాళము, ఒక కేరమ్సు బల్ల, సగము ఊడిన పేరుపలక మాత్రమే. ఎన్నికలు ముగిసిన నెలకు మావారి పూర్వవిద్యార్థు లైదుగురు వచ్చి, సంఘమును మరల నిలబెట్టుదుమనిరి. వారిలో నొకడు, ఎన్నికలనాడు బడి వాకిట నిలిచి మా పేరు వెదకి లేదని చెప్పినవాడే. వాని ముఖము చూడ మాకు సిగ్గయ్యెను. మమ్ము చూడ వానికిని సిగ్గయ్యెను.

రిజిస్టరు చేయింపవలెనన్న 2001వ సంవత్సరపు సంఘముల చట్టము ప్రకారము కనీస మేడుగురు సభ్యులుండవలెను. వీరైదుగురు. తీర్మానముల పుస్తకము తెలుగున చక్కగా వ్రాయువారు వారిలో లేరని మావారు నవ్వుచు మా వైపు చూపిరి. తక్కిన యిద్దరును ఆడపిల్లలైనచో వ్రాసిపెట్టుదుమని మేమంటిమి.

ఆ మాట యనుట సులభమే. డిగ్రీ చదువుచున్న యొక పిల్ల ఉత్సాహముగా ముందుకు వచ్చినది గాని, తల్లి యొప్పుకొనలేదు. "ఆడపిల్ల ఇల్లిల్లూ తిరిగితే రేపు సంబంధాలెలా వస్తాయమ్మగారూ?" అని యడిగినది. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు పదునాలుగేండ్ల దుర్గాబాయి, ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహరలాలు నెహ్రూగారినే ఆపిన కథ మేము వినిపించితిమి. ఆమె శ్రద్ధగా విని, "ఆవిడకేమమ్మగారూ, కాకినాడ. ఇది మన ఊరు" అన్నది. దానికి మాయొద్ద జవాబు లేకపోయెను. మేమును వెంట నడతుమని మాట యిచ్చినపిదప పిల్లను పంపినది. మొదటి రెండు నెలలును సాయంకాలములందు మేము గొడుగు పట్టుకొని వారి వెనుక నడచితిమి.

వెనుకటి సంఘము సభలు పెట్టెడిది. మైకులు, దండలు, ఉపన్యాసములు. ఈ సంఘము జాబితా ప్రతి చేతబట్టుకొని తలుపులు తట్టుటతో మొదలుపెట్టినది. మగపిల్లలకు వసారాయే హద్దు. ఆడపిల్లలు వంటయింటి దాక పోగలరు. మాయమైన పేరులన్నియు నక్కడనే యున్నవి. కొత్తగా కాపురమునకు వచ్చిన కోడళ్ల పేరులు పుట్టింటి జాబితాలోనుండెను. పైచదువులకు పోయిన పిల్లల పేరు లెక్కడను లేవు. ఒక ముసలమ్మ చేట దింపకయే, "నా పేరుతో మీకేం పనే! పెద్దోడి అమ్మని రాసుకోండి" అనినది. పిల్ల పట్టు విడువలేదు. చివరకామె చెప్పిన పేరు విని ఆ యింటి మనుమలే ఆశ్చర్యపడిరి. వారెన్నడును విని యుండలేదు!

వీధులు తిరుగుచు మేమును నేర్చుకొంటిమి. 1989 మార్చి 28 మొదలు వోటు వయస్సు 21 నుండి 18కి తగ్గినదని యెరుగుదుము గాని, 2022 నుండి జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసముల మొదటి తేదీలలో దేనికి పదునెనిమిదేండ్లు నిండినను చాలునని యెరుగము. పదునేడు నిండిన పిల్ల ముందుగనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కొత్త పేరునకు 6వ నంబరు దరఖాస్తు. ఊరు మారిన పేరునకు 8వది. సంఘము మొదట నింపించిన 8వ నంబరు దరఖాస్తు మాదే. అది నింపునపుడు కలము చేతబట్టుకొని కొంతసే పాగితిమి. పేరు వ్రాయవలసిన గడిలో అలవాటున మావారి పేరే మొదట వ్రాసితిమి. ఇంకొక కాగితము తెప్పింపవలసివచ్చినది.

సమాచార హక్కు చట్టము (2005) క్రింద మంచినీళ్ల ట్యాంకును గూర్చియు నొక యర్జీ పెట్టిరి. మన రాష్ట్రమున గ్రామస్థాయిలో దానికి రుసుము లేదు, ముప్పదిరోజులలో జవాబీయవలెను. జవాబుకంటె ముందే ట్యాంకు కడిగించిరి. పిల్లల గంతులకు మేర లేదు.

అంతలో 2024 సెప్టెంబరు మొదటి దినములు వచ్చినవి. ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద విడిచిరి. కృష్ణ యొడ్డున లంకలు మునిగినవి. సంఘమున నప్పటికి పదునైదుగురు. పులిహోర పొట్లములు కట్టి పంపుదమని మా వసారాలో కూర్చుండిరి. ఒక పెద్దమనిషి ఐదు బస్తాల బియ్యమిత్తును గాని, పొట్లములపై తన బొమ్మ యంటింపవలెనని కబురంపెను. ఆకలిగొన్నవాడు బొమ్మ చూడడు, అన్నము చూచును, పుచ్చుకొందమని మా కార్యదర్శి పిల్ల వాదించినది. నేడు బొమ్మ, రేపు జెండా, ఎల్లుండి సంఘమే వారిదగునని మగపిల్లలనిరి. మేము లోలోపల పిల్ల పక్షమే. చేతులెత్తిన తొమ్మండుగురు వలదనిరి, ఆర్గురు కావలెననిరి. మా మనస్సునకు వ్యతిరేకమైన ఆ తీర్మానమును మా చేతితోనే పుస్తకమున వ్రాసితిమి.

తరువాత ఇంటింటను గిద్దెడు, సోలెడు బియ్యము పోగుచేసిరి. వీధి స్త్రీలందరును వండిరి. గాని తొలి పొట్లములు పోవుసరికి చీకటిపడినది. ఆనాడు మధ్యాహ్నము తినవలసినవారెందరు రాత్రి దాక పస్తున్నారో యన్న తలంపు నేటికిని మమ్ము విడువలేదు. ఆ కబురు తెచ్చిన కుర్రవాడు ఆ రాత్రియే సంఘము విడిచిపోయెను. రెండుమార్లు కబురంపితిమి, రాలేదు. మంచి పనివాడు.

విశ్వావసు నామ సంవత్సరపు ఉగాదికి, అనగా 2025 మార్చి 30వ తేదీకి ముందు ఆదివారమున సర్వసభ్య సమావేశము జరిగెను. సభ్యులిరువది యిద్దరు, అందు తొమ్మండుగురాడపిల్లలు. చందా నెలకు పది రూపాయలు. లెక్కలు రసీదులతో సహా చదివి గోడకంటించిరి. చవితి చందాలనాటి తగవు మరచిపోని పెద్దలు కండ్లజోళ్లు పెట్టుకొని మరీ చదివిరి. పేరుపలక మరల వ్రాయించిరి గాని, రంగు చాలక చివరి యక్షరము పలుచబడినది.

ఆనాడే కార్యదర్శి పిల్ల తన పదవి విడుచుచున్నట్లు చెప్పినది. వైశాఖమున పెండ్లి, రేపల్లె వైపు సంబంధము. సంబంధము రాదని భయపడిన తల్లియే సభలో మిఠాయి పంచినది. కొత్త కార్యదర్శి యెవరన్నది ఆనాడు తేలలేదు. పరీక్షలని యొకరు, ఇంట నొప్పుకొనరని యొకరు తప్పించుకొనిరి. పుస్తకము మాయొద్దనే యుండిపోయెను.

పెండ్లికి నాలుగు దినముల ముందు ఆ పిల్ల మా యింటికి వచ్చి, పసుపు కుంకుమ పుచ్చుకొని, లేచి పోవుచు గుమ్మము కడ నిలిచినది.

"అమ్మగారూ, 8వ నంబరు కాగితం ఒకటి ఇవ్వండి. పెట్టెలో పెట్టుకుంటాను."

రెండిచ్చితిమి.