లెక్క తప్పని మాత్రలు (మా వాడ కబుర్లు - 23)

"ఎన్ని మింగావ్?"

పెద్దాసుపత్రి వార్డులో మా అమ్మని డాక్టరు అడిగిన మొదటి మాట ఇది. చేతులు వణుకుతున్నాయి, గుండె దడ, ఆగని వాంతులు. "రోజూ మింగేయేనయ్యా, పొద్దునొకటి, రాత్రొకటి" అంది అమ్మ. ఆయన కేసు కాగితం మీద మా కాలనీ పేరు చూశాడు. "చదువూ సంధ్యా లేనోళ్ళ చేతికి మాత్రలిస్తే ఇంతే" అన్నాడు.

నేనప్పుడు ఇంటర్. నోరు పెగల్లేదు. ఇంటికెళ్ళి దొంగచాటుగా మాత్రల అట్ట లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది. అమ్మని నేనూ అనుమానించానే అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

అమ్మ గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. ఆ ఘాటుకి ఆయాసం ముదిరింది. ఏళ్ళ తరబడి థియోఫిలిన్ మాత్రలు వాడింది. ఆ వారం నిమోనియా తగులుకుంది. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే రెండు.

డిగ్రీలో బయోకెమిస్ట్రీ చదివాక అర్థమైంది. థియోఫిలిన్‌ని విరగ్గొట్టే పని ఎక్కువగా కాలేయంలోని సివైపి1ఎ2 అనే ఎంజైముది. ఇన్ఫెక్షన్‌తో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రేగితే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు పుడతాయి. వాటివల్ల ఆ ఎంజైము తయారీ తగ్గిపోతుంది. విరగాల్సిన మందు రక్తంలో పేరుకుంటుంది. ఈ మందు పనిచేసే మోతాదుకీ, విషమయ్యే మోతాదుకీ దూరం చాలా తక్కువ. మానసిక వ్యాధికిచ్చే క్లోజపిన్‌తోనూ ఇదే ప్రమాదం.

1980లో అమెరికాలోని సియాటిల్‌లో ఇన్‌ఫ్లుయెంజా-బి వ్యాపించింది. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడుతున్న పిల్లల్లో కొందరికి, అంతకుముందు పడిన మోతాదే విషమైంది. ఆ సంగతి 1982లో పిల్లల వైద్య పత్రికలో అచ్చయింది. అప్పటికి నేను పుట్టనేలేదు.

అమ్మకి జరిగింది ఇదేనని రుజువు చూపలేను. రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయిస్తే తెలిసేది. పరీక్ష చేయలేదు, తీర్పు మాత్రం చెప్పేశారు. పేట పేరు చూశాక వాళ్ళకి ఇంకో కారణం వెతకాలనిపించలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఇంట్లో రోజూ మందులు వాడేవాళ్ళకి గట్టి జ్వరమొస్తే, ఆ మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్ళండి. "ఈ జ్వరంలో మోతాదు మార్చాలా? తగ్గాక మళ్ళీ ఎంత వేసుకోవాలి?" అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. సమాధానం వచ్చేదాకా మంచం పక్కనుంచి కదలొద్దు. ఆ రోజు నేను అడగలేకపోయిన ప్రశ్న అది.

జై భీమ్.

(ఇంకా ఉంది)