పంతులమ్మగారి ముద్దుమాటలు

ముద్దుమాటలంటే గిట్టని కఠినాత్ముణ్ని కాను నేను. బువ్వ, లాల, బజ్జో, జేజి - ఈ మాటలు వినపడని తెలుగిల్లు ఉంటుందా? చిత్రమేమిటంటే, ఇవి పిల్లలు కల్పించుకున్నవి కావు. పెద్దవాళ్లే తయారుచేసి, తరతరాలుగా పిల్లల నోట పెడుతున్నవి. 1964లో చార్లెస్ ఫెర్గూసన్ అనే అమెరికా భాషావేత్త మరాఠీతో సహా ఆరు భాషల్లో ముద్దుమాటలు పోల్చి చూశాడు. పొట్టి మాటలు, తేలిక ధ్వనులు, ఒకే అక్షరాన్ని రెట్టించడం - అన్నిచోట్లా ఇంచుమించు ఇదే వరస.

అమ్మ ఒళ్లో ఉన్నన్నాళ్లూ అది అమృతమే. నా పేచీ అల్లా నాలుగో తరగతి దగ్గర.

మా మనవడికి తొమ్మిదేళ్లు. భాగహారాల్లో పడ్డాడు. వాళ్ల పంతులమ్మగారు చాలా మంచి మనిషి. కొట్టరు, కసరరు. కాని గదిలో అడుగు పెడితే చాలు, "బంగాలు కొండలూ, బుజ్జి పుత్తకాలు తియ్యండమ్మా!" అంటారట. వెనకబల్ల వాళ్లు "తీచాం తీచల్" అని వంతపాడతారట. ఆవిడ మురిసిపోతారు. అది వెక్కిరింత అని ఆవిడకి తప్ప అందరికీ తెలుసు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పోయిన ఏడు నా భార్య కాలం చేసింది. కర్మ అయ్యాక వాడు బడికి వెళ్లాడు. పంతులమ్మగారు దగ్గరికి తీసుకుని కంటనీరు పెట్టుకున్నారట. వాడు ధైర్యం చేసి, "ప్రాణం పోయేటప్పుడు నొప్పి పుడుతుందా టీచర్?" అని అడిగాడు. ఆవిడ బుగ్గ నిమిరి, "మామ్మ జేజి దగ్గల బజ్జుంది నాన్నా" అన్నారట.

ఆ రాత్రి నా పక్కలో పడుకుని అన్నాడు: "తాతయ్యా, మామ్మ చచ్చిపోయిందని నాకు తెలుసుగా. నేనడిగింది అది కాదుగా."

చెప్పాను. ఆఖరి రెండు రోజులూ మామ్మకి తెలివి లేదనీ, నొప్పి తెలియకుండా మందిచ్చామని డాక్టరుగారు అన్నారనీ. వాడు కాసేపు ఏడ్చి, నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు.

పంతులమ్మగారి ప్రేమని శంకించను. పిల్లల స్థాయికి దిగాలి కదా అంటారు కొందరు. నిజమే. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు చదువు చెప్పాలని సవర భాషే నేర్చుకున్నారు. పిల్లల దగ్గరికి వెళ్లడమంటే అదీ - వాళ్లు నిజంగా మాట్లాడే మాట మాట్లాడడం. నాలుక మడిచి పలకడం కాదు.

తొమ్మిదేళ్లవాడు 'ర' పలకడం ఎప్పుడో నేర్చాడు. మనం ఇంకా 'ల' దగ్గరే ఆగిపోతే, వాడు మనకోసం ఎన్నాళ్లని నిలబడతాడు?