చెవికి అందని హల్లులు
వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు తగ్గేది హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులను, అంటే సెకనుకు ఎక్కువసార్లు కంపించే సన్నని శబ్దాలను పట్టుకునే శక్తి కనుక, అచ్చులు చెవిన పడుతున్నా స, త వంటి హల్లులు జారిపోయి, మాట వినిపిస్తుంది గాని అర్థం కాదు. గొంతు పెంచి అరిస్తే అచ్చులే మరింత మోగుతాయి తప్ప హల్లులకు స్పష్టత రాదు. పెదవుల కదలికను బట్టి మాటను పోల్చుకునే ఓష్ఠపఠనానికీ హద్దులున్నాయి; పాట, బాట, మాట అనే మూడూ పెదవులపై ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల మిక్సీ వంటి చప్పుళ్లు ఆపి, ముఖంపై వెలుతురు పడేలా ఎదురుగా కూర్చుని, దేని గురించి మాట్లాడబోతున్నామో ముందే చెప్పి, అందని వాక్యాన్ని వేరే మాటల్లో చెప్పడం మేలు. "ఏం లేదులే" అని దాటవేయడం మాత్రం వినికిడి తగ్గినవారిని సొంత ఇంట్లోనే పరాయివారిని చేస్తుంది.