ధ్వని పాఠం

ఇరవై ఏళ్ళుగా కళాశాలలో పిల్లలకు ధ్వని సిద్ధాంతం చెబుతున్నాను. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ఏమన్నాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అటువంటి నాకు కంప్యూటరులో ఉన్న ఒక వీడియోలోంచి ధ్వనిని విడదీయడం చేతకాలేదంటే పాఠకులు నవ్వుకుంటారు కాబోలు. నవ్వుకున్నా సరే, జరిగింది చెబుతాను.

1996లో మా అక్కయ్య పెళ్ళికి వీడియో తీయించాం. పందిట్లో మా నాన్నగారు పోతన పద్యాలు రాగయుక్తంగా చదివారు. ఆ వీడియో తీసినవాడు ఆయన మొహం వదిలేసి, గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళను తీశాడు! నాన్నగారు పోయి పదేళ్ళయింది. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి దాచుకున్నాం గాని, అమ్మకు ఇప్పుడు చూపు లేదు.

"నాకు బొమ్మలెందుకురా? రేడియోలో శబ్దచిత్రం వేసేవారే, అల్లాగ మీ నాన్నగారి గొంతొక్కటీ తీసిపెట్టు" అంది. సినిమాను బొమ్మ లేకుండా వినిపించిన ఆ ఆకాశవాణి కార్యక్రమం ఆవిడకింకా గుర్తు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. ఆ పెద్దమనిషి వీడియో ఆడించి, స్పీకరు ముందు సెల్‌ఫోను పెట్టి రికార్డు చేసి ఇచ్చాడు. అందులో నాన్నగారికంటె ఆయన ఫ్యానే ఎక్కువ మాట్లాడింది. అమ్మ రెండు నిమిషాలు విని, "ఎవర్రా ఈయన?" అంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

చివరకు మా పై అంతస్తులో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కుర్రవాణ్ణి ఆశ్రయించాను.

"వీడియో ఫైలంటే ఒక పెట్టె మాస్టారూ. అందులో బొమ్మ ఒక మూట, ధ్వని ఇంకో మూట. మూత తీసి రెండో మూట పట్టుకుంటే సరి" అన్నాడు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాధనం ఉందిట. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచివాడు మొదలుపెట్టాడు; కాణీ ఖర్చు లేదు. కుర్రవాడు ఒక్క పంక్తి టైపు కొట్టాడు. అందులో 'వీఎన్' అంటే బొమ్మ వద్దని, 'కాపీ' అంటే ధ్వనిని ఉన్నదున్నట్టు నకలు దింపమని అర్థమట.

"ఎంపీత్రీ చెయ్యవా?" అన్నాను, ఏదో తెలిసినవాడిలా.

"చెయ్యొచ్చు. గాని అది, చెవికి ఆనదనుకున్నదాన్ని పారేసి ఫైలును చిన్నది చేస్తుంది. ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే మళ్ళీ కొంత పోతుంది. ఈ గొంతులో ఏం పోయినా ఫరవాలేదు మాస్టారూ, చెప్పండి?"

నేనేం చెబుతాను!

నిమిషంలో పని అయింది. 2 గిగాబైట్ల వీడియోలోంచి తీసిన గంటసేపటి ధ్వని 90 మెగాబైట్లయినా లేదు. ఆ రాత్రి అమ్మ మంచం పక్కన కూర్చుని వినిపించాను. పద్యం అయింది. చప్పట్లు. ఆ చప్పట్ల అడుగున, ఎన్నిసార్లు వీడియో చూసినా మేమెవ్వరం పట్టించుకోని మాట ఒకటి: "ఇదుగో, కాసిని మంచినీళ్ళు."

అమ్మ ఉలిక్కిపడింది.

"నన్నేరా! ఆ పెళ్ళిగోలలో నాకు వినపడనేలేదు" అని, కాసేపాగి, "మళ్ళీ పెట్టు" అంది.

మరునాడు క్లాసులో ధ్వని పాఠమే. ఉదాహరణ కోసం పుస్తకం తెరవలేదు.