పెరియార్ తటాకంపై ఒక ఉదయం

ఏటా మాల ధరించి శబరిమలకు తరలివెళ్ళే మన తెలుగువారిలో చాలామందికి, ఆ పుణ్యక్షేత్రం కేరళలోని పెరియార్ పులుల సంరక్షణ కేంద్రం పరిధిలోనే ఉన్నదన్న సంగతి తెలియదు. నేనూ రెండు పర్యాయాలు ఆ కొండలెక్కి దిగివచ్చానే గాని, అడవిని అడవిగా చూసిన పాపాన పోలేదు. ఆ కొరత తీర్చుకొనడానికి ఈమారు ఎల్.టి.సి. పై శ్రీమతితోను, అమ్మాయితోను తేక్కడి చేరుకున్నాను.

తేక్కడి సరస్సు ప్రకృతిసిద్ధమైనది కాదు. పడమటికి పారే పెరియార్ నదిని తూర్పునకు మళ్ళించి, వానలు చాలని మదురై ప్రాంతపు పొలాలను తడపాలన్న సంకల్పంతో కట్టిన ముల్లపెరియార్ ఆనకట్ట వెనుక నిలిచిన నీరు ఇది. జాన్ పెన్నీకుయిక్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1887లో ప్రారంభమైన ఈ నిర్మాణం 1895లో పూర్తయింది. రాయి, సున్నం, సుర్కీలతో 176 అడుగుల ఎత్తున లేచిన ఆ కట్టడాన్ని తలచుకొంటే, అదే వృత్తిలో తల నెరసిన నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

ఆనాడు మునిగిపోయిన చెట్ల మోళ్ళు నేటికీ నీటిపై నల్లగా నిలిచి ఉన్నాయి. నీటికాకులు వాటిపై వ్రాలి రెక్కలు ఆరబెట్టుకొంటాయి. పైరుల కోసం ఆపిన నీరే ఏనుగులకు, అడవిదున్నలకు, కణుజులకు వేసవిలో ప్రాణాధారమయింది. 1978లో పులుల సంరక్షణ పథకంలో చేరిన ఈ అడవి విస్తీర్ణం నేడు 925 చదరపు కిలోమీటర్లు.

ఉదయం తొలి పడవ ఎక్కాము. లైఫ్ జాకెట్లు ఇచ్చి, ఎవరూ లేచి నిలబడరాదని సిబ్బంది మరీమరీ హెచ్చరించారు. మంచుతెర విడుతున్న వేళ ఒక మలుపులో ఏనుగుల గుంపు కనిపించింది. తల్లి కాళ్ళ నడుమ ఒక గున్న! కెమెరాతో ఎప్పుడు లేచానో నాకే తెలియదు. నన్ను చూసి మరి నలుగురు లేచారు. అమ్మాయి నా చొక్కా పట్టి లాగింది. “కూర్చోండి నాన్నగారూ! ప్లాంటులో అందరికీ భద్రతా పాఠాలు చెప్పేది మీరే కదా!”

సిగ్గుతో కూర్చున్నాను. 2009 సెప్టెంబరు 30న ఇదే సరస్సులో ఒక రెండంతస్తుల పడవ బోల్తాపడి 45 మంది జలసమాధి అయ్యారు. జంతువులను చూచే ఆత్రంలో ప్రయాణికులు ఒకే వైపునకు చేరారని నాటి వార్తలు తెలిపాయి. పై అంతస్తులో జనం ఒక ప్రక్కకు ఒరిగితే పడవ గురుత్వకేంద్రం ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెలిసి కూడా లేచాను. ఆ గున్న ఏనుగు ఫోటో నా దగ్గర లేదు; అందుకు విచారమూ లేదు.

మరునాడు కాళ్ళకు జలగలు పట్టకుండా గుడ్డ మేజోళ్ళు బిగించుకొని అడవిలో నడిచాము. ఒకప్పుడు దాల్చిన జాతి చెట్ల బెరడును దొంగతనంగా ఒలిచి అమ్ముకొన్నవారిలో కొందరు, 1990వ దశకంలో అటవీశాఖతో చేతులు కలిపి, సందర్శకులకు దారి చూపేవారుగా, అడవికి కాపరులుగా మారారు. మా వెంట వచ్చిన పెద్దాయన అట్టివారిలో ఒకరు. నల్ల కొండముచ్చులను, కొమ్మపై సాగిలబడిన పెద్ద ఉడుతను ఆయన చూపితే గాని మాకు కానరాలేదు. ఒకచోట ఆగి, పాత గాయం మానిన చెట్టును తడిమి చూపించారు. “ఈ బెరడు ఒలిచినవాణ్ణి నేనే కావచ్చు” అన్నారు తమిళంలో. మా శ్రీమతి ఆ చెట్టు వంకా, ఆయన చేతుల వంకా చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఆయన జీవనోపాధినే మార్చుకొన్నారు. మనం మార్చుకోవలసింది పడవలో కూర్చునే తీరు మాత్రమే. ఈ అడవికి వెళ్ళదలచిన సహోద్యోగులకు నా మనవి ఇదే: ఉదయపు పడవే ఎక్కండి, ముదురురంగు దుస్తులు ధరించండి, తినుబండారాల సంచులు బసలోనే వదలండి. ఏనుగు కనిపించినప్పుడు మాత్రం దయచేసి కూర్చునే ఉండండి. పిల్లలు మిమ్మల్ని చూస్తూ ఉంటారు.