స్వరం తగ్గితే ఓడినట్టేనా?

ఇప్పుడు ఎటు చూసినా చేపల చెరువులే కనిపించే కలిదిండి వైపు ఒకప్పుడు వరికోతలు అయ్యాయంటే నాటకాల సందడే. రాత్రి పొద్దుపోయాక మొదలైన పౌరాణికం తెల్లవారితే గానీ ముగిసేది కాదు. మైకుల్లేని రోజులవి. చివర్న చాప పరుచుకున్న ముసలమ్మకు కూడా కృష్ణుడి పద్యం వినబడాలి. అందుకే హార్మోనియం శ్రుతి పెంచేవారు. పద్యం చివర రాగం సాగదీసేవారు. జనం 'వన్స్‌మోర్‌' అంటే ఇంకాస్త సాగదీసేవారు. మాటకన్నా దమ్ముకే చప్పట్లు!

ఆ తర్వాత మైకొచ్చింది. గుసగుసలాడినా వినబడుతుంది. అయినా గొంతెత్తే అలవాటు ఓ పట్టాన పోలేదు. దాన్ని మార్చిన గాయకుడు కలిదిండికి పొరుగునున్న గుడివాడ ప్రాంతంవాడే. 1922లో చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు. తండ్రి తరంగాలు పాడుతుంటే చిన్నప్పుడు నాట్యం చేసినవాడు. విజయనగరంలో శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు. నాటకాలూ ఆడినవాడు. గొంతు లేక తగ్గించాడనడానికి వీల్లేదు. సినిమాల్లోకి వచ్చాక రాగం కుదించి, మాటను ముందుకు తెచ్చాడు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' రికార్డే తీసుకోండి. కోయవద్దని ఓ పువ్వు వేడుకోవడం... దాన్ని అరిచి చెప్పగలమా?

ఇలాంటి మలుపు అమెరికాలోనూ వచ్చింది. గిటార్ల హోరుతో పేరు తెచ్చుకున్న డూబీ బ్రదర్స్‌ బ్యాండులో ప్రధాన గాయకుడు టామ్‌ జాన్‌స్టన్‌ 1975లో జబ్బుపడ్డాడు. ఆ సమయంలో కీబోర్డు వాయించే మైకేల్‌ మెక్‌డొనాల్డ్‌ వచ్చి చేరాడు. బ్యాండు బాణీ మెత్తబడింది. పాత అభిమానులు కొందరు మొహం చిట్లించారు. అదే మెత్తని బాణీలోని ఓ పాటకు 1980లో గ్రామీ వచ్చింది.

ప్రతి ఇంట్లోనూ ఇదే తగువు. తాతకు పద్యం, తండ్రికి ఘంటసాల, మనవడికి ఇంకేదో. 'మీదీ ఒక పాటేనా' అన్న మాట మాత్రం ఒక్కటే!

నష్టమేమీ లేదా అంటే... ఉంది. రికార్డును వందసార్లు తిప్పి వినొచ్చు. వందసార్లూ ఒకేలా పాడుతుంది. నాటకాల రాయుడు అలా కాదు. చివరి చాప మీద నుంచి ముసలమ్మ 'వన్స్‌మోర్‌' అంటే, ఆమె కోసం ఇంకో మెట్టు ఎక్కేవాడు.